ఐదు నిమిషాల పాఠం
(నరసరావుపేటలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



బడిలో బొమ్మ చూపి పాఠం చెప్పడం కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు, మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. ఉదయంపూట బడిపిల్లల కోసమే. అప్పుడు పాఠం తీయాలంటే స్టూడియో కావాలి. ఇప్పుడు జేబులో ఫోను చాలు.

నేను ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ ధీమాతోనే, మనవడి సాయంతో, కారంపూడి వీరుల గుడి దగ్గర పల్నాటి యుద్ధంపై వీడియో తీశాను. ఇరవై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. బడిలో చూపిస్తే, గాలి హోరులో సగం మాట వినబడలేదు. పిల్లలు దిక్కులు చూశారు. సిగ్గనిపించింది.

మళ్ళీ వెళ్ళాము. గాలికి చాటుగా నిలబడి, ఒక్క విషయమే, ఐదు నిమిషాల్లో చెప్పాను. చివర ఒక ప్రశ్న వేశాను: "బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ కలిపి చాపకూడు ఎందుకు పెట్టించాడు?" ఈసారి చేతులు లేచాయి.

మిత్రులారా! మాచర్ల దగ్గర నాగార్జునకొండ లోయ సాగర్ నీటిలో మునిగింది. అక్కడి శిల్పాలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మునగకముందు ఆ లోయలో నడిచిన పెద్దల మాటలు ఎక్కడున్నాయి? అలాంటివారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వారి ఎదుట కూర్చొని ఐదు నిమిషాలు ఫోను పట్టండి. దాన్ని మీ ఊరి బడికి ఇవ్వండి. ఆలస్యం చేస్తే అడగడానికి ఎవరూ మిగలరు.

సెలవు.