శుక్లం ముదిరేదాకా ఆగొద్దు

"శుక్లం ముదరనీలే, అప్పుడు చూద్దాం" అని మన కలిగిరి వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. అది ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకునే కాలం నాటి మాట. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు కంటిలోపలే లెన్సు అమర్చాక దారి మారింది. ఇప్పుడు రోజువారీ పనికి చూపు అడ్డమైతే చాలు, ఆపరేషన్ చేయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

ముందు కన్ను కొలిచి లెన్సు పవరు తేలుస్తారు. షుగరు, బీపీ చూస్తారు. మీరు వాడే మాత్రలన్నీ చెప్పండి. మూత్రం ఇబ్బందికి వేసుకునేవి కూడా. మగవాళ్లు ఇదొక్కటే దాచేస్తారు! కంటికి మాత్రమే మత్తిస్తారు. మామూలుగా అరగంటలోపే అయిపోతుంది, చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు.

కట్టు విప్పగానే చూపు మసగ్గా ఉండొచ్చు. నీరు కారడం, ఇసుక పడ్డట్టు గరగర కొన్నాళ్లు మామూలే. చుక్కల మందు కొన్ని వారాలు, డాక్టరు చెప్పినంత కాలం వేయాలి. కన్ను నలపకూడదు, తలస్నానం డాక్టరు సరేననేదాకా వద్దు. కట్టెల పొయ్యి పొగకూ, పొగాకు బేళ్ల దుమ్ముకూ దూరం. పొగాకు వేలం కేంద్రానికి కొడుకును పంపండి. చదవడానికి అద్దాలు అవసరం కావచ్చు. వాటి పవరు చూపు కుదురుకున్నాకే రాస్తారు.

నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి.