కండలమ చెరువు మీది విడిది



కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు పరిసరాలలో నగరవాసులు రెండు మూడెకరాలు కొని విడిది గృహాలు కట్టుకోవడం ఇటీవల సాధారణమైంది. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, ఉద్యోగరీత్యా నిన్నమొన్న వచ్చినవారూ ఇందులో వెనుకబడి లేరు. స్థలం రిజిస్టరైన వారానికే జేసీబీ వస్తుంది. గుండ్లు తొలగుతాయి, మిట్టపల్లాలు సమమవుతాయి, చిన్న వంక ఉంటే పూడిపోతుంది. ఆపైన పూరికప్పు వేసి, వాకిట ఎడ్లబండి చక్రం నిలబెట్టి, 'ప్రకృతి ఒడి' అని బోర్డు పెడతారు. చదును చేసిన తరువాత ఒడి ఎక్కడ మిగిలిందో ఎవరూ అడగరు.

ఈ విషయంలో శ్రీలంకలోని ఒక కట్టడాన్ని చూడడం మేలు. దంబుళ్ల పట్టణానికి సమీపాన, కండలమ చెరువు మీదికి చూస్తున్న కొండవాలున 1994లో ఆ హోటలు తెరుచుకుంది. దాని రూపశిల్పి జెఫ్రీ బావా. ఆయన మొదట న్యాయవాది. 1940ల చివరలో బెంతొట దగ్గర లునుగంగ అనే పాత రబ్బరు తోట కొని, దానిని ఉద్యానవనంగా మలచబోయి, తన చదువు చాలదని గ్రహించి, లండన్‌లో వాస్తువిద్య అభ్యసించి 1957లో పట్టా పొందారు. అప్పటికి ఆయనకు ముప్పయి ఎనిమిదేళ్లు. తోట కోసం వృత్తినే మార్చుకున్నవారు అరుదు.

హోటలు యజమానులు మొదట కోరినది సిగిరియ కొండ పాదాన ఉన్న స్థలం. అతిథి కిటికీ తెరిస్తే ప్రఖ్యాతమైన ఆ శిల ఎదుట నిలవాలన్నది వారి ఆశ. వ్యాపారదృష్టితో అది సబబే. బావా అందుకు సమ్మతించలేదు. దక్షిణాన కొంత దూరంలో, చెరువుకు ఎగువన ఉన్న రాతివాలును ఎంచుకున్నారు. అక్కడినుండి సిగిరియ నీటికి ఆవల దూరాన చిన్నదిగా కనిపిస్తుంది. గొప్ప స్థలాన్ని ఆక్రమించక దూరంనుండి చూడడమే ఆ రచనలోని తొలి నిర్ణయం. తక్కినవన్నీ దాని వెంట వచ్చినవే.

కట్టడంలో 152 గదులున్నాయి. ఈ కొసనుండి ఆ కొసకు దాదాపు కిలోమీటరు పొడవు. అయినా వాలు వంపులను అనుసరించి సన్నగా సాగడం వలన దూరానికి అది కొండలో ఒక పొరవలె కనబడుతుంది. ప్రవేశం గుహాముఖంవలె ఉంటుంది. లోపలి నడవలలోకి సహజశిల పొడుచుకు వస్తుంది. దానిని పగలగొట్టలేదు, గోడే పక్కకు తప్పుకుంది. కట్టడం స్తంభాలపై నిలిచినందున వాననీరు కింది నుండి తన దారిన చెరువుకు దిగిపోతుంది. చదునైన కప్పులపై మొక్కలు, ముఖభాగమంతా తీగలు. వాటిపై కోతులు యథేచ్ఛగా తిరుగుతాయి.

ఇది కాంక్రీటు కట్టడమని మరువరాదు. మట్టిగోడ, తాటాకు కప్పు ఉంటేనే ప్రకృతితో పొత్తు కుదురుతుందన్నది ఒక భ్రమ. నేల ఆకృతిని, నీటి నడకను చెడగొట్టి పైన ఎంత పూరి కప్పినా అది అలంకారమే.

నిర్మాణకాలంలో దీనిపై తీవ్రమైన నిరసన చెలరేగింది. భిక్షువులు, గ్రామస్థులు, పర్యావరణవాదులు ఎదురు నిలిచారు. మురుగు చెరువులో కలుస్తుందని, దేవాలయాల సీమకు విలాసం తగదని వారి ఆందోళన. వారిని అభివృద్ధి విరోధులని కొట్టివేయడం అన్యాయం. ఆ మెట్టసీమలో చెరువే జీవనాధారం. వానాకాలపు నీరు నిలువ ఉంటేనే పైరు. రాయలసీమ, తెలంగాణ గొలుసుకట్టు చెరువుల కింద పుట్టి పెరిగినవారికి ఇది వివరించనక్కర లేదు. ఎగువ చెరువు అలుగు పారితేనే దిగువది నిండుతుంది. ఎగువన కలిసిన మలినం దిగువవారి కడవలోకి వస్తుంది. ఆ భయానికి అందమైన నమూనా సమాధానం కాజాలదు. మురుగుశుద్ధి ఏర్పాటే సమాధానం. ఆ హోటలు మురుగును శుద్ధి చేసి తోటలకే వాడుతుంది. 2000లో అమెరికా హరితభవన మండలి వారి 'లీడ్' గుర్తింపు పొందిన తొలి హోటళ్లలో అదొకటి. నిరసన లేకుంటే ఇంత జాగ్రత్త ఉండేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

రెండెకరాల విడిదికి బావా వంటి రూపశిల్పి దొరకడు, అవసరమూ లేదు. స్థలం కొనేముందు ఒక మంచి వాన రోజున అక్కడ నిలబడి నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతున్నదో చూడవచ్చు. సర్వే కార్యాలయంలో గ్రామపటం తీసుకుంటే, ఎండిపోయి బాటవలె కనబడే వంక కూడా అందులో గీతగా దొరుకుతుంది. కర్ణాటక రికార్డులలో పెద్దదానిని రాజకాలువ అంటారు. దానిపై కట్టడం చట్టవిరుద్ధం కూడా. ఇల్లు మిట్టపై, గుండును వదిలి, వాలుకు అడ్డంగా కాక వాలు వెంట మెట్లుగా అమరితే పునాది ఖర్చు కొంత పెరగవచ్చు, చదును ఖర్చు మిగులుతుంది. మరుగుదొడ్డి గుంత మాత్రం బావికీ వంకకూ దూరంగా, బావికి దిగువన ఉండాలి. గుత్తేదారు సాధారణంగా దానిని ఇంటి వెనుక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తవ్విస్తాడు. ఆ ఒక్క పూట యజమాని స్థలంలో ఉండడం మంచిది.