స్క్రీన్ చూసి అడ్వెంచర్ బైక్ కొంటున్నారా? ముందు పంజాగుట్టలో ఒక రౌండ్ వేద్దాం

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. పోయిన ఆదివారం పొద్దున ఆరున్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అమీర్‌పేట్ మెట్రో కింద ఉన్నా, జల్ది రా" అన్నాడు. ఏదో యాక్సిడెంట్ అయిందేమో అని నిద్ర మొహంతోనే పరిగెత్తా. తీరా చూస్తే టిఫిన్ బండి దగ్గర నిలబడి ప్రశాంతంగా ఇడ్లీ తింటున్నాడు. చంకలో మూడు బ్రోచర్లు. హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, ఎక్స్‌పల్స్ 210.

"అన్నా, ఈ మూడిట్ల స్క్రీన్ దేనిది మంచిగుంది?" వాడి మొదటి ప్రశ్న ఇదే. ఇంజిన్ కాదు, బ్రేక్ కాదు, మైలేజ్ కూడా కాదు.

వాడి సంగతి కొంచెం చెప్పాలి. ఎస్సార్ నగర్‌లో హాస్టల్. ఏడాదిన్నర మైత్రివనం చుట్టూ తిరిగి, కోర్సు చేసి, మొత్తానికి ఉద్యోగం కొట్టాడు. చేతికొచ్చేది 31 వేలు. డౌన్‌పేమెంట్ డబ్బులు పిన్ని ఇస్తోంది, ఊళ్లో చిట్టీ ఎత్తి మరీ. మిగతాది లోన్. మూడున్నర లక్షల లోన్, మూడేళ్లు, పది శాతం వడ్డీ అనుకోండి, నెలకి పదకొండు వేల పైనే కట్టాలి. అంటే జీతంలో మూడో వంతు పైన. అందుకే వాడి ప్రశ్నకి సరదాగా జవాబు చెప్పి పంపించలేకపోయా.

నేను కూడా ఇదే అమీర్‌పేట్‌లో ఆండ్రాయిడ్ కోర్సు చేసినోణ్ణే. ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు మూడేళ్లు యాప్‌లు రాశా. కాబట్టి బండి డ్యాష్ మీద కనిపించే బొమ్మ వెనక ఏం జరుగుతుందో కొంచెం తెలుసు. ఆ ఇడ్లీ బండి దగ్గర వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తా.

బండిలో ఉండే టెక్నాలజీని రెండు కుప్పలుగా పెట్టుకోండి. ఫోన్ జేబులో చచ్చిపోయినా పనిచేసేది ఒక కుప్ప. ఫోన్ బతికుంటేనే పనిచేసేది ఇంకో కుప్ప. షోరూంలో మనకి చూపించేది ఎక్కువగా రెండో కుప్ప. ఎందుకంటే అది మెరుస్తది.

నావిగేషన్‌నే తీసుకోండి. మన బడ్జెట్ బండ్లలో "నావిగేషన్ ఉంది" అంటే బండిలో మ్యాప్ ఉందని కాదు. దారి లెక్కవేసేది మీ ఫోన్. జీపీఎస్ పట్టేది మీ ఫోన్. డేటా ఖర్చు మీది. ఫోన్ ఆ లెక్క చేసి, "200 మీటర్లలో ఎడమకి" అనే చిన్న ముక్కని బ్లూటూత్‌లో డ్యాష్‌కి పంపిస్తది. డ్యాష్ ఒక బాణం గుర్తు వేస్తది. దీన్నే టర్న్ బై టర్న్ అంటారు. కేటీఎం 390 అడ్వెంచర్‌లో 5 అంగుళాల టీఎఫ్‌టీ ఉంది, ఎక్స్‌పల్స్ 210 పై వేరియంట్‌లో 4.2 అంగుళాలది ఉంది. రెండింటి పద్ధతీ ఇదే.

హిమాలయన్ 450 కథ వేరు. దాని గుండ్రటి 4 అంగుళాల స్క్రీన్ మీద గూగుల్ మ్యాప్ మొత్తం కనిపిస్తది. 2023 నవంబర్‌లో ఆ బండి వచ్చినప్పుడు అందరం నోరెళ్లబెట్టి చూసింది దాన్నే. కానీ అంత బొమ్మని పంపడానికి బ్లూటూత్ పైపు సరిపోదు. అందుకే ఫోన్‌కీ బండికీ మధ్య వైఫై లింక్ పెడతారు. అంటే ఫోన్ ఒకేసారి జీపీఎస్ నడపాలి, నెట్ నడపాలి, మ్యాప్ గియ్యాలి, దాన్ని వైఫైలో తోయాలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, ప్యాంటు జేబులో. ఫోన్ పెనం లాగా కాలుతుంది, బ్యాటరీ కళ్ల ముందే పడిపోతుంది. బండికి టైప్ సీ ఛార్జింగ్ పోర్ట్ ఉంది. లాంగ్ రైడ్‌కి కేబుల్ తీసుకెళ్లడం మర్చిపోకండి.

మధ్యలో ఒక మాట. 2016లో వచ్చిన పాత హిమాలయన్‌లో మీటర్ పక్కన చిన్న దిక్సూచి ఉండేది. దాన్ని నమ్మి దారి వెతుక్కున్నవాళ్లని నేనైతే చూడలేదు. కానీ దానికి ఏ యాప్ అప్‌డేటూ అక్కర్లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

సరే, వాణ్ణి నా బండి వెనక ఎక్కించుకుని పంజాగుట్ట వైపు బయల్దేరా. నా బండి పేరు చెప్పను, బాణం గుర్తు టైపు డ్యాష్ ఉన్నది. ఆదివారం పొద్దున కాబట్టి రోడ్డు ఖాళీ. లేకపోతే ఈ టెస్ట్ చెయ్యమని మీకు చెప్పను. గమ్యం నిమ్స్ హాస్పిటల్ పెట్టాం. అమీర్‌పేట్ నుంచి పంజాగుట్ట దాకా నెత్తి మీద మెట్రో లైన్ నడుస్తూనే ఉంటది కదా. జీపీఎస్‌కి కావాల్సింది ఆకాశం. పైన కాంక్రీట్, రెండు పక్కలా బిల్డింగులు ఉంటే సిగ్నల్ గోడలకి తగిలి తగిలి వస్తది, ఫోన్ మనల్ని పక్క గల్లీలో ఉన్నట్టు చూపిస్తది. బాణం ఒకసారి ఎడమకి అన్నది, అక్కడ ఎడమ పక్క ఉన్నది పాన్ డబ్బా.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఇంకా తమాషా. కింద రోడ్డు, దానిపైన ఫ్లైఓవర్, ఇంకా పైన మెట్రో. ఒకే చోట మూడంతస్తులు. మీరు ఏ అంతస్తులో ఉన్నారో ఫోన్‌కి సరిగ్గా తెలీదు, ఎందుకంటే జీపీఎస్‌కి ఎత్తు లెక్క ఎప్పుడూ కొంచెం బలహీనమే. గూగుల్ మ్యాప్స్ వాళ్లు 2024 జూలైలో మన దేశంలో ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అని ముందే చెప్పే ఫీచర్ తెచ్చారు. కానీ అది వాళ్ల సొంత యాప్‌లో. బండి కంపెనీ యాప్ ద్వారా వచ్చే బాణంలో ఆ ముక్క ఉండాలని లేదు. నా డ్యాష్ మీద ఉత్త "స్ట్రెయిట్" అని వచ్చింది. ఏ స్ట్రెయిట్? కిందదా, పైదా? ఎక్కితే దిగేదాకా వెనక్కి రాలేం. నాకు దారి తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తగా ఊళ్లోకి వచ్చినోడు ఆ బాణం చూస్తూ తడబడి బ్రేక్ వేస్తే, వెనకొచ్చే ఆర్టీసీ బస్సు ఆగొద్దూ?

నెక్స్ట్ టెస్ట్. బండి పక్కకి ఆపి మొబైల్ డేటా ఆఫ్ చేశా. కావాలనే ఒక తప్పు మలుపు తిరిగా. బాణం అక్కడే నిలబడిపోయింది. కొత్త దారి లెక్కలేదు. మావాడు వెనక నుంచి "హ్యాంగ్ అయిందా అన్నా?" అంటున్నాడు. హ్యాంగ్ కాలేదురా, నెట్ లేక కొత్త దారి అడగడానికి దానికి మనిషి దొరకలేదు.

సిటీలో అయితే ఇది నవ్వుకునే విషయం. రెండేళ్ల కింద మారేడుమిల్లి నుంచి గుడిస కొండ వైపు వెళ్తున్నప్పుడు నాకు నవ్వు రాలేదు. మధ్యలో టీకి ఆగి బండి ఆఫ్ చేశా. మళ్లీ స్టార్ట్ చేస్తే సిగ్నల్ లేదు, యాప్ రూట్ మర్చిపోయింది. అడవిలో దారి రెండుగా చీలిన చోట నిలబడి, ఖాళీ డ్యాష్ చూస్తూ పావుగంట. చివరికి కట్టెల మోపుతో వస్తున్న ఒక పెద్దాయన్ని అడిగితే గడ్డంతోనే దారి చూపించి వెళ్లిపోయాడు. తప్పు బండిది మాత్రమే కాదు, నాది కూడా. ముందురోజు ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోలేదు. అడ్వెంచర్ బైక్ కొనేదే సిగ్నల్ లేని చోటికి పోవడానికి, దాని స్క్రీన్ మాత్రం సిగ్నల్ ఉన్నచోటే పనిచేస్తదంటే ఎట్లా?

"అయితే హ్యాండిల్‌కి ఫోన్ మౌంట్ పెట్టుకుంటే అయిపోతది కదన్నా" అన్నాడు మావాడు. మీలో సగం మంది కూడా అదే అనుకుంటున్నారు. ఆగండి. ఈ మూడు బండ్లూ సింగిల్ సిలిండరే. హ్యాండిల్ దగ్గర సన్నటి వణుకు ఎప్పుడూ ఉంటది. ఫోన్ కెమెరాలో లెన్స్‌ని కదలకుండా పట్టుకునే చిన్న యంత్రాంగం ఉంటది, ఓఐఎస్ అంటారు. ఆ వణుకు దాన్ని పాడు చెయ్యొచ్చని 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీయే తన సపోర్ట్ పేజీలో రాసింది. నాకు అది చదవకముందే అనుభవమైంది. ఒక ట్రిప్ తర్వాత నా ఫోన్ కెమెరా ఫోకస్ అవ్వడం మానేసింది. కెమెరాతో అన్నం తినేవాడికి ఎలా ఉంటదో ఆలోచించండి. మౌంట్ తప్పదనుకుంటే వణుకు తగ్గించే డ్యాంపర్ ఉన్నది తీసుకోండి, లేదా ఇంట్లో పడున్న పాత ఫోన్ పెట్టుకోండి. నేనైతే ఫోన్ జేబులో పెట్టి, హెల్మెట్‌లో వాయిస్ మాత్రమే వింటున్నా, చిన్న సౌండ్‌తో.

యాప్‌లు రాసినవాడిగా ఇంకో భయం కూడా చెప్తా. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. మీ ఫోన్ మూడేళ్లు, మహా అయితే నాలుగు. మరి ఆ యాప్? 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చినప్పుడు బ్లూటూత్ పర్మిషన్ల పద్ధతే మారిపోయింది. మేము మా యాప్‌లో అది సర్దడానికి వారాలు కూర్చున్నాం. అక్కడ టీం ఉంది కాబట్టి సర్దాం. టీంని ఎత్తేసిన యాప్‌లు ఏమవుతాయో కూడా చూశా. ఎనిమిదేళ్ల తర్వాత మీ బండి కిక్కున స్టార్ట్ అవుతది, యాప్ మాత్రం ప్లేస్టోర్‌లో ఉంటదో లేదో. ప్రతిదీ అలాగే అవుతదని అనట్లేదు. కానీ స్క్రీన్ కోసం యాభై వేలు ఎక్కువ పెట్టేముందు ఇది లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు మొదటి కుప్ప. దీని గురించి ఎవరూ రీల్స్ చెయ్యరు.

పోయిన వానాకాలం, సాయంత్రం ఏడు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట్ వస్తున్నా. జల్లు మొదలై పది నిమిషాలే అయింది, రోడ్డు మీద ఆయిల్ తేలే టైం అన్నమాట. మెట్రో పిల్లర్ పక్కనుంచి ఒక ఆటో సడన్‌గా యూ టర్న్ కొట్టింది. నేను ఏం ఆలోచించలేదు, బ్రేక్ గట్టిగా పట్టేశా. వేళ్ల కింద లివర్ టకటకా కొట్టుకుంది. బండి జారలేదు, నిలబడే ఆగింది. ఆటోకీ నాకూ మధ్య జానెడు. ఆ టైంలో స్క్రీన్ మీద ఏముందో నాకు గుర్తులేదు. ఆ టకటకే ఏబీఎస్. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి బతికిపోయా.

ఇందులోనూ తేడాలున్నాయి, అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మామూలు ఏబీఎస్ బండి నిటారుగా ఉందనుకుని లెక్క వేస్తది. కేటీఎం 390 అడ్వెంచర్‌లో ఐఎంయూ అనే సెన్సర్ ఉంది. బండి ఎంత వంగింది, ముక్కు ఎంత దిగింది అని అది క్షణక్షణం కొలుస్తది. మలుపులో వంగి ఉన్నప్పుడు బ్రేక్ పట్టినా దానికి తగ్గట్టు సర్దుతది. దానికే కార్నరింగ్ ఏబీఎస్ అని పేరు. ట్రాక్షన్ కంట్రోల్, క్రూజ్ కంట్రోల్ కూడా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకి ఒక హెచ్చరిక: 2025 జనవరిలో ఎక్స్ అనే తక్కువ ధర వేరియంట్ వచ్చినప్పుడు దానిలో ఈ ఎలక్ట్రానిక్స్ లేవు, అదే ఏడాది తర్వాత చేర్చారు. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అడిగి తెలుసుకోండి.

హిమాలయన్ 450లో అంత పెద్ద మ్యాప్ ఉంది గానీ ట్రాక్షన్ కంట్రోల్ లేదు. వెనక ఏబీఎస్ ఆపుకోవచ్చు, గులకరాళ్ల దిగుడులో అది పనికొస్తది. 196 కేజీల బండి, 40 పీఎస్ పవర్. హైవే మీద రాజాలా పోతది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రివర్స్‌లో తొయ్యాల్సి వస్తే మాత్రం ఆ కేజీలన్నీ తెలుస్తాయి. ఎక్స్‌పల్స్ 210 దాదాపు 170 కేజీలు, పవర్ 25 పీఎస్‌కి కొంచెం తక్కువ. హైవే మీద వందకి పైన దానికి ఆయాసం. కానీ మట్టి దారిలో పడేసినా ఒక్కడే లేపుకోగలడు, దాంట్లోనూ ఏబీఎస్ మోడ్‌లు ఉన్నాయి.

ధర. ఎక్స్‌పల్స్ 210 వచ్చినప్పుడు ఎక్స్ షోరూం 1.76 లక్షల నుంచి. కేటీఎం పెద్ద వేరియంట్ 2025లో వచ్చినప్పుడు 3.68 లక్షలు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ లోపు 18 శాతం, దాటితే 40 శాతం. హిమాలయన్ 452 సీసీ, కేటీఎం 399 సీసీ దగ్గర. రెండూ గీత దాటాయి. ఎక్స్‌పల్స్ గీతకి ఇటుపక్క ఉంది. ఇవాళ్టి ఆన్‌రోడ్ రేటు కాగితం మీద రాయించుకోండి.

అన్నీ విని మావాడు, "ఘాట్ రోడ్లు, వాన, లాంగ్ రైడ్ అంటే కేటీఎం. కానీ నేను వారంలో ఆరు రోజులు ఎస్సార్ నగర్ నుంచి మాదాపూర్ పోతా" అన్నాడు. కొంచెం సేపు ఆగి, "అమ్మకి ఎక్స్‌పల్స్ రేటు చెప్తే చిట్టీ పైసల్లో సగం మిగుల్తయి" అన్నాడు. నేను ఏమీ అనలేదు. నాకు వాడి వయసులో ఆ ఆలోచన రాలేదు.

ఇంకా బుక్ చెయ్యలేదు. వచ్చే ఆదివారం రెండు బండ్లకీ టెస్ట్ రైడ్ పెట్టుకున్నాం. మీరూ వెళ్తే మీ సొంత ఫోన్ పెయిర్ చేసి, ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపి, రూట్ పెట్టాక డేటా ఆఫ్ చేసి ఒక తప్పు మలుపు తిరగండి. సేల్స్ అబ్బాయి విచిత్రంగా చూస్తాడు, పర్లేదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద, మెల్లగా, నిటారుగా ఉన్నప్పుడు ఒకసారి గట్టిగా బ్రేక్ పట్టి లివర్ ఎలా ఉందో చూడండి.

మీ బండి, మీ ఫోన్ మోడల్, నావిగేషన్ ఎన్నిసార్లు తెగిపోయిందో కామెంట్లో రాయండి. అన్నీ కలిపి ఒక షీట్ చేసి పెడతా. ఇడ్లీ డబ్బులు మాత్రం నేనే ఇచ్చా, మొదటి జీతం ఇంకా పడలేదంట. బై, ఉంటా మరి.