శస్త్రచికిత్స పిదప బరువు నిలిచిపోవుట



స్థౌల్యమునకు కడుపుపై శస్త్రచికిత్స చేయించుకొన్నవారు నేడు మన గ్రామములయందును కానవచ్చుచున్నారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరముల వైద్యశాలలకు పోయి, చికిత్స పొంది, ఇండ్లకు మరలి వచ్చుచున్నారు. తొలి నెలలలో వారి దేహము చూచుచుండగనే తగ్గును. అటుపిమ్మట ఒకనాడు తూకపుముల్లు కదలుట మానును. వారము గడచును, మాసము గడచును. అంకె మాత్రము అచ్చటనే యుండును. అప్పుడు ఇంటిలో మాటలు బయలుదేరును. “ఇంత ధనము వ్యయము చేసితిమి, ఫలమేమి?” అని యొకరు, “చాటున తినుచున్నది కాబోలు” నని యింకొకరు అందురు. ఆ మాటలు రోగి మనస్సునకు కత్తికంటె లోతుగా తగులును. ఇంటికి పెద్దలమైన మనము ఈ నిలుకడ ఏల కలుగునో, అప్పుడేమి చేయవలయునో తెలిసికొనుట అవసరమని తలచి నేడీ విషయమును చేపట్టితిని. నేను వైద్యుడను కాను, బడిపంతులను. చదివియు, వైద్యుల నడిగియు గ్రహించినదానిని మీకు విన్నవించుచున్నాను.

ఈ చికిత్సలలో ముఖ్యమైనవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ యనుదానియందు జీర్ణకోశమున ముప్పాతిక భాగము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, తొలగించి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా నుంచెదరు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనుదానియందు జీర్ణకోశపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచి నేర్పరచి, దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. ఈ రెండవదానికి 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు మార్గము చూపెను. వీనివలన కడుపు చిన్నదగుటయే కాక, ఆకలిని నియమించు రసములును మారును. కావున రోగి కొలదిగా తినియే తృప్తి చెందును.

అట్లయిన బరువు తగ్గుట ఏల ఆగవలయును? ఆగుటయందు మూడు తరగతులు కలవు. వానిని వేరువేరుగా నెరుగవలయును.

మొదటిది చికిత్స జరిగిన రెండవ వారము మొదలు నాలుగవ వారములోపల పెక్కుమందికి కలుగును. మన కాలేయమునందును కండరములయందును గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. ఒక గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని తనతో పట్టియుంచును. తొలి దినములలో ఆ నిలువ కరగి, నీరును పోవును. బరువు వడిగా తగ్గును. ఆహారము మరల ఆరంభమైన పిదప నిలువ కొంత నిండి, నీరు చేరును. లోపల కొవ్వు కరగుచునే యున్నను, పైన అంకె కదలదు. దీనికి ఓర్పు తప్ప వేరు మందు లేదు.

రెండవది నెలలు గడచిన పిదప వచ్చునది. 120 కిలోల మనిషి 80 కిలోలకు దిగెననుకొనుడు. అతడు పూర్వము లేచినను, కూర్చున్నను, నడచినను 40 కిలోల ధాన్యపు బస్తాను మోయుచున్నట్లే యుండెను. బస్తా దిగినది. బరువు బండిని లాగు ఎద్దునకు మేత యెక్కువ కావలయును. ఖాళీ బండిని లాగుదానికి తక్కువ చాలును. నిన్న లోటుగా నుండిన ఆహారమే నేడు సరిపోవునదగును. జమయు ఖర్చును సమమైనచో నిలువ తరగదు గదా!

అంతియేకాదు. దేహము కరవు వచ్చినదని తలచి పొదుపు చేయును. 1944–45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను పండితుడు 36 మంది యువకులపై ఒక పరీక్ష జరిపెను. వారు స్వచ్ఛందముగా ఒప్పుకొన్నవారు, ఆరోగ్యవంతులు. 24 వారములు వారికి అర్ధాహారము పెట్టగా, బరువులో నాలుగవ వంతు పోయెను. విశ్రాంతిలో దేహము ఖర్చుచేయు శక్తి సుమారు 40 శాతము తగ్గెను. దేహము చిక్కుటవలన కొంతయు, మిగిలిన దేహము పొదుపు పాటించుటవలన కొంతయు ఈ తగ్గుదల కలిగెను. వారికి చలి హెచ్చెను, ఉత్సాహము నశించెను, తిండి చింత తప్ప వేరు చింత లేకపోయెను. వారు స్థూలకాయులు కారు. అయినను తరుగుచున్న దేహము తన్ను తాను కాపాడుకొను విధము ఇందు స్పష్టము. నిలుకడ రోగి దొంగతనమునకు సాక్ష్యము కాదు, అది దేహధర్మము.

మూడవది తుది నిలుకడ. సాధారణముగా సంవత్సరము మొదలు ఒకటిన్నర సంవత్సరము నాటికి బరువు ఒక స్థానమున స్థిరపడును. స్వీడను దేశమున 1987లో ఆరంభమైన గొప్ప పరిశోధన ఫలితములు 2007లో ప్రకటింపబడినవి. అందు బైపాస్ చేయించుకొన్నవారు ఒకటి రెండేండ్లలో సగటున 32 శాతము తగ్గిరి. పదియేండ్లకు ఆ తగ్గుదల 25 శాతముగా నిలిచెను. అనగా నూరు కిలోలవారు 68కి దిగి, కాలక్రమమున 75 దగ్గర నిలిచిరన్నమాట. కొంత తిరిగి వచ్చినను, శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు పొందనివారికంటె తక్కువగా నుండెను. కావున తుది నిలుకడను ఓటమియని పిలువరాదు.

మన పూర్వులును స్థౌల్యము సులభసాధ్యమని చెప్పలేదు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని గూర్చి విచారించి, ఇరువురిలో స్థూలునకే చికిత్స కష్టతరమని నిర్ణయించినది.

నా మేనకోడలి సంగతి చెప్పెదను. ఆమె 118 కిలోలుండి స్లీవ్ చికిత్స పొందెను. ఎనిమిది నెలలకు 86 కిలోలకు వచ్చి, అచ్చట అయిదు వారములు నిలిచెను. ఇంటివారి మాటలకు తాళలేక ఆమె రాత్రి భోజనము మానెను. శనివారము, ఏకాదశి కటిక ఉపవాసములు పట్టెను. జుట్టు రాలెను, మెట్లెక్కిన కాళ్లు వణకెను. ఆహార నిపుణురాలు ఏడు దినములు తిన్నదెల్ల వ్రాయించి చూచెను. మాంసకృత్తులు దినమునకు 30 గ్రాములైనను లేవు. చక్కెర టీ మూడు మార్లు, సాయంకాలము జంతికలు మాత్రము కలవు. జంతికలు, బిస్కత్తులు నమలగనే పిండియై జారిపోవును. చిన్న కడుపును నింపవు. తీపి పానీయములును అట్టివే.

ఆ నిపుణురాలు ఉపవాసములు మాన్పించెను. ముందు పప్పు, గ్రుడ్డు, పెరుగు, తరువాత కూర, అన్నము కడపట రెండు ముద్దలు — ఇది క్రమము. వైద్యులు సాధారణముగా దినమునకు 60 గ్రాములకు తగ్గక మాంసకృత్తులుండవలయునందురు. ఒక గ్రుడ్డున సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పున సుమారు 6 గ్రాములు కలవు. మాంసకృత్తులు చాలనియెడల కొవ్వుతోపాటు కండయు కరగును. కండ తగ్గినకొలది దేహపు ఖర్చును తగ్గును. అందుచే నడకతోపాటు, కుర్చీనుండి చేతులూనక లేచుట, చిన్న బరువులెత్తుట వంటి సాధనయు నేర్పిరి. భోజనముతో నీరు త్రాగక, అరగంట పిదప కొంచెము కొంచెముగా త్రాగుమనిరి.

ఆమె మామగారు చేసినది నాకు మిక్కిలి నచ్చినది. తూకపు యంత్రమును ఆయన అటకపై పెట్టించి, ఆదివారము ఉదయము మాత్రమే దించుమనెను. బరువు సంగతి కోడలు తానై చెప్పిననే తప్ప ఎవరును అడుగరాదని ఇంటిల్లిపాదికిని ఆజ్ఞాపించెను. ఆరు వారములలో నడుము కొలత రెండంగుళములు తగ్గెను. బరువు ఆ తరువాత మెల్లగా కదలెను. తుదకు 81 కిలోలయొద్ద నిలిచి, రెండేండ్లుగా అచ్చటనే యున్నది. ఆమె కోరినది 65. అది రాలేదు. కాని మధుమేహపు మాత్రలు మూడింటినుండి ఒకటికి దిగెను. నిరుడు సింహాచలము మెట్లు తానే యెక్కెను.

కొన్ని హెచ్చరికలు చేయవలసియున్నవి. నిలుకడ వచ్చినదని మాంద్యపు మందులు, చూర్ణములు, విరేచనములు వాడరాదు. తరచు వాంతులగుచున్నచో ఆలస్యము చేయక శస్త్రవైద్యుని చూడవలయును. థయమిన్ అను విటమిను లోపించి నరములకు హాని కలుగవచ్చును. బి12, ఇనుము, కాల్షియము, డి విటమినులను వైద్యుడు చెప్పినట్లు జీవితాంతము పుచ్చుకొని, రక్తపరీక్షలు చేయించుకొనవలయును. ఇన్సులిను, స్టీరాయిడ్లు వంటి కొన్ని మందులు బరువును పెంచును. కాని వానిని స్వయముగా మానరాదు, వైద్యునికి జ్ఞాపకము చేయవలయును. థైరాయిడు, నిద్ర, మనోవేదన — వీనినిగూడ విచారింపవలయును. నిలిచిన బరువు నెలనెలకు పెరుగుట మొదలిడినచో సిగ్గుపడక త్వరగా పోవలయును. దానికిని నేడు మార్గములున్నవి.

పెద్దలారా! మన యిండ్లలో “మరియొక ముద్ద తినుము” అని బలవంతపెట్టుట ప్రేమ. “ఇంకను తగ్గలేదే” అనుట హితము. ఈ రెండును ఈ రోగికి భారమే. ఆమె పళ్లెమున పప్పు ముందుగా వడ్డించుడు. సాయంకాలము నడకకు తోడు పొండు. వైద్యుని యొద్దకు పోవలసిన తేదీని మీరు గుర్తుంచుకొనుడు. శస్త్రచికిత్స వైద్యుని చేత ఒక్కనాటిలో ముగియును. ఆ పిదపటి సంవత్సరములు ఇంటివారి చేతులలో నుండును.