మాలోలుడి వెంట నడిచిన మఠం

మఠం అనగానే కదలకుండా ఉండే రాతి కట్టడం గుర్తొస్తుంది. మన ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో పుట్టిన మఠం మాత్రం ఊరూరా తిరిగింది.

దాన్ని స్థాపించింది ఆదివణ్ శఠకోప జీయర్. పూర్వాశ్రమంలో పేరు శ్రీనివాసాచార్యులు, సొంతూరు కన్నడసీమలోని మేల్కోటె. 1398లో అహోబిల నరసింహుడే వృద్ధ యతి రూపంలో వచ్చి ఆయనకు సన్యాసమిచ్చాడని మఠ సంప్రదాయం. మాలోల నరసింహుడి ఉత్సవమూర్తిని అప్పగించి, జనం ఉన్నచోటికే తీసుకెళ్లమన్నాడట స్వామి. ఆ మాట నాకెంతో ఇష్టం. నల్లమల దారులు సులువైనవి కావు. కొండెక్కలేని ముసలివాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు దేవుడే ఎదురొచ్చాడు. ఇప్పటికీ జీయర్లు ఎక్కడికెళ్లినా మాలోలుడు వెంటే ఉంటాడు.

 

మన అన్నమయ్య వేదాంతం నేర్చుకున్నది శఠకోప జీయర్ దగ్గరేనని అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతోంది.

అహోబిలం పారువేట ఉత్సవాన్ని కూడా ఈ జీయరే మొదలుపెట్టారంటారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి, తన కల్యాణానికి రమ్మని పిలవడానికి సంక్రాంతి వేళ పల్లకీలో బయల్దేరతాడు. ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజులకు పైగా ప్రయాణం. నందికొట్కూరు శ్రోతలారా, వచ్చే సంక్రాంతికి ఆ పల్లకీ ఆగే ఏదో ఒక ఊరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిరండి.