మావాడి వ్యాను, మూడో సిలిండరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఆహ్వానపత్రంలో "అమెరికా యాత్రా విశేషాలు" అని అచ్చు వేయించారు. ఆ విశేషాలు నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను 2023లో ఐదు నెలలు కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. అందులో మూడు నెలలు ఒక పాత వ్యాను కిందే గడిచాయి. కనుక దాని సంగతే చెబుతాను. అధ్యక్షులవారు క్షమించాలి.

ఆ వ్యాను ఫోక్స్‌వ్యాగన్, 1970 మోడలు. లోపల పరుపు, చిన్న అలమారా, నీళ్ళ తొట్టి, పైకి లేచే కప్పు ఉన్నాయి. వాళ్ళు క్యాంపర్ వ్యాన్ అంటారు. మనవాళ్ళు తీర్థయాత్రకు బస్సు కట్టించుకుని గిన్నెలూ పొయ్యీ వేసుకుని వెళ్ళినట్టు, ఒక కుటుంబం దాంట్లో వెళ్ళి అడవిలో పడుకుని వస్తుంది. ఈ బండికి మూలం 1947లో బెన్ పాన్ అనే హాలెండు వ్యాపారి నోటుబుక్కులో గీసిన బొమ్మ. 1950లో జర్మనీలో తయారీ మొదలైంది. 1967లో ఆకారం మార్చారు. ఆ రెండో ఆకారం జర్మనీలో 1979 దాకా, బ్రెజిల్‌లో 2013 దాకా తయారైంది. అందుకే విడిభాగాలకు ఇప్పటికీ లోటు లేదు.

మనకు ఆశ్చర్యం కలిగించేది ఇంజను. అది వెనకాల ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్ళు లేవు. నాలుగు సిలిండర్లు, అటు రెండు ఇటు రెండు పడుకోబెట్టినట్టుంటాయి. బెల్టుతో తిరిగే ఫ్యాను గాలి, రెండున్నర లీటర్ల ఆయిలు, చల్లార్చడానికి అంతే. 1600 సి.సి. పెట్రోలు ఇంజను. 36 ఏళ్ళు డీజిలు బస్సులతో గడిపిన నాకు మొదట అది కుట్టుమిషనులాగా కనిపించింది. ఆ చులకన భావానికి తగిన శాస్తి జరిగింది, వస్తున్నాను.

మావాడు దాన్ని రెండేళ్ళ కిందట ముచ్చటపడి కొన్నాడు. మెకానిక్కు గంటకు వంద డాలర్లు పైనే. అందుకని కడగడం, తుడవడం తప్ప ఏమీ చేయించలేదు. జూలైలో భార్యాబిడ్డలతో యోసెమిటీ కొండలకు వెళ్ళాలని సెలవు పెట్టుకున్నాడు. నేను వెళ్ళిన మూడోనాడు స్టార్టు చేసి వినిపించాడు. "ఎలా ఉంది నాన్నా?" అన్నాడు. ట్యాపెట్లు టకటకలాడుతున్నాయి. "సర్దితే సరిపోతుంది, పానాలు పట్టుకురా" అన్నాను. వాడి దగ్గర ఒక స్క్రూడ్రైవరు, పటాలు తగిలించే సుత్తి తప్ప ఏమీ లేవు.

పానాలు, ఫీలర్ గేజి, మంచి జాకీ, స్టాండ్లు కొన్నాం. మనవడికి పధ్నాలుగేళ్ళు. వాడు ఎక్కడో పాత పుస్తకాల కొట్లో జాన్ మ్యూర్ అనే ఆయన 1969లో రాసిన ఫోక్స్‌వ్యాగన్ మరమ్మతు పుస్తకం సంపాదించాడు. బొమ్మలతో, కబుర్లతో ఉంటుంది. మనకు సర్వీసులో ఇచ్చిన మాన్యువళ్ళు అలా ఉంటే నలుగురు చదివేవారు.

మర్నాడు అలవాటు ప్రకారం ఇంజను వేడెక్కించి కవరు ఊడదీయబోయాను. మనవడు "తాతయ్యా, రాత్రంతా చల్లారాలని ఉంది" అన్నాడు. "నాకు తెలుసులేరా" అన్నాను. వాడు పుస్తకం తెరిచి నా ముక్కు ముందు పెట్టాడు. చల్లటి ఇంజనులో ఆరు థౌ, అంటే 0.15 మిల్లీమీటర్లు. ఆ పూటకు పని ఆపేశాం.

ఆ తెల్లారి మొదలుపెట్టాం. కవరుకు బోల్టులు లేవు, ఒక తీగ బిగింపు, అంతే. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఒకటో సిలిండరు పైకొచ్చేలా పుల్లీ గుర్తు కలిపి, అక్కడి నుంచి అరచుట్టు చొప్పున వెనక్కి తిప్పుతూ పోతే రెండు, మూడు, నాలుగు వరసగా వస్తాయి. మొత్తం ఎనిమిది వాల్వులు. మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు దగ్గర గేజి అసలు దూరలేదు. సందు సున్నా.

మిత్రులారా, టకటకమనే ట్యాపెట్ చెవికి బాధే గాని ఇంజనుకు పెద్ద ప్రమాదం లేదు. చప్పుడు లేని బిగుసు ట్యాపెట్ ఇంజనును తినేస్తుంది. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే దాని వేడి సీటులోకి దిగదు. అక్కడే ఎర్రగా కాలుతుంది. ఈ మూడో సిలిండరుకు ఇంకో కష్టం. ఆ కాలపు ఇంజన్లలో ఆయిల్ కూలరు ఫ్యాను పెట్టెలో దానికెళ్ళే గాలికి అడ్డంగా ఉంటుంది. ఇది బండి తప్పని నేననను. 3000 మైళ్ళకోసారి చూడమని పుస్తకంలో ఉంది, ఎన్నేళ్ళుగానో ఎవరూ చూడలేదు.

ఆరు థౌ పెట్టి బిగించాను. మావాడు 300 మైళ్ళు తిప్పాడు. మళ్ళీ చల్లార్చి చూస్తే మిగతా ఏడూ కదల్లేదు, అదొక్కటే మళ్ళీ బిగిసింది. అంటే వాల్వు కాడ సాగుతోంది. సాగి సాగి ఒకరోజు తల తెగి సిలిండరులో పడుతుంది. ఆ రోజు పిల్లలు ఏ కొండ ఎక్కుతూ ఉంటారో! "ఇంజను దించాలి, జూలై ప్రయాణం లేదు" అన్నాను. మావాడి ముఖం చిన్నబోయింది. "అమ్మేద్దాంలే నాన్నా, నాకు ఇవన్నీ రావు" అన్నాడు. కాసేపటికి మెల్లగా, "నువ్వు నన్నెప్పుడూ గ్యారేజీలోకి రానివ్వలేదు కదా" అన్నాడు.

నిజమే. వాడికి పదేళ్ళప్పుడు ఒకసారి నాకు క్యారియరు పట్టుకుని డిపోకు వచ్చాడు. పిట్ దగ్గర నిలబడి చూస్తున్నాడు. అందరి ముందూ కేకలేసి పంపేశాను. మన చేతులకంటిన గ్రీజు వాళ్ళకంటకూడదని మనలో చాలామంది అనుకున్నవాళ్ళమే. వాడు చదువుకున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ క్యారియరు సంగతి వాడికి గుర్తుందని నాకా రోజు దాకా తెలియదు.

"రావు అనకు, రేపటి నుంచి నువ్వే విప్పు" అన్నాను.

ఇక నా శాస్తి. డీజిలు గిన్నెలో అగ్గిపుల్ల వేస్తే ఆరిపోతుంది. ఆ ధీమా చేతుల్లో మిగిలిపోయింది. ఆ సాయంత్రం బయట ఎండ 40 డిగ్రీలు. ఇంటి గ్యారేజీ తలుపు మూసుకుని పని మొదలుపెట్టాం. పెట్రోలు ట్యాంకు ఇంజనుకు ముందువైపు ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పంపుకు రబ్బరు గొట్టం. పైకి బాగానే ఉంది. అక్కడి పెట్రోలులో పదో వంతు ఆల్కహాలు కలుస్తుంది, పాత రబ్బరును అది చెడగొడుతుంది. క్లిప్పు వదులు చేసి లాగానో లేదో గొట్టం అప్పడంలా విరిగింది. పెట్రోలు ధారగా నా మోచేతి మీదుగా నేలకు.

బొటనవేలు అడ్డం పెట్టాను. అప్పుడు కనపడింది. గ్యారేజీ మూల నీళ్ళు కాచే గ్యాసు హీటరు, దానడుగున చిన్న నీలిమంట. పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుంది. అందుకే ఆ మంట నేలకు 18 అంగుళాల ఎత్తున ఉండాలని అక్కడి నిబంధనట. ఆ 18 అంగుళాలే మమ్మల్ని కాపాడాయేమో. ఆ ఇంజను పెట్టె మెగ్నీషియం లోహం. అది అంటుకుంటే నీళ్ళకు ఆరకపోగా ఇంకా రేగుతుంది.

మనవడు తలుపు మోటారు స్విచ్చి వైపు పరుగెత్తాడు. "స్విచ్చి ముట్టుకోకు, చేత్తో ఎత్తు!" అని అరిచాను. స్విచ్చిలో నిప్పురవ్వ చాలు. వాడు ఎర్రతాడు లాగి తలుపు ఎత్తాడు. మావాడు హీటరు గ్యాసు కట్టేసి, ఒక బోల్టు తెచ్చి, నా వేలు తీసీతీయగానే గొట్టం మూతిలో దూర్చి క్లిప్పు బిగించాడు. చేయి వణకలేదు వాడికి. నాకు వణికింది. ముగ్గురం కలిసి వ్యానును బయటికి తోశాం. కోడలు వచ్చి "మామయ్యగారూ, స్నానం చేసి రండి" అని ఒక్కమాట అంది, అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ తరువాత పెట్రోలు పని ఆరుబయటే. నిప్పునార్పే సిలిండరు ఒకటి చేతికందేలా, ఒకటి వ్యానులో. గొట్టాలన్నీ కొత్తవి వేశాం. ఇప్పుడు మావాడు ఏటా మారుస్తాడు.

ఇంజను దించడం మన డిపో పనితో పోలిస్తే పిల్లలాట. బ్యాటరీ వైరు, యాక్సిలరేటరు కేబులు, హీటరు గొట్టాలు, వెనక రేకు విప్పాక గేరుబాక్సుతో కలిపేవి నాలుగే, పైన రెండు, కింద రెండు, 17 నంబరు. గేరుబాక్సు కింద ఆనిక పెట్టడం మరవకూడదు. ఇంజను వంద కిలోలకు కాస్త పైన, జాకీ మీద నిలిచింది. హెడ్డు విప్పి ఆ వాల్వును పక్కదానితో కలిపి పట్టుకుంటే మనవడి కళ్ళకే తేడా తెలిసింది. తల కింద కాడ సన్నబడిపోయింది. హెడ్లు రెండూ మిషను షాపుకిచ్చి కొత్త వాల్వులు, గైడ్లు వేయించాం. తిరిగి ఎక్కించడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి బోల్టూ మావాడే బిగించాడు. నేను స్టూలు మీద కూర్చుని గొణిగాను.

ఆగస్టు చివర స్టార్టు అయింది. ట్యాపెట్లు టకటకమంటూనే ఉన్నాయి, కానీ సమంగా. సెప్టెంబరులో అందరం కొండలకు వెళ్ళాం. ఎక్కుడులో లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. గంటకోసారి ఆగి మనవడు వెనక తలుపు తీసి గొట్టాల వాసన చూసి వచ్చేవాడు.

మొన్న ఆదివారం మావాడు ఫోను చేశాడు. "నాన్నా, మూడోదాంట్లో ఆరు థౌ దూరింది, కొంచెం పట్టినట్టుంది" అన్నాడు. "వెన్నలో కత్తిలా పోతోందా, కాగితం పట్టుకు లాగినట్టుందా?" అన్నాను. "కాగితంలా" అన్నాడు. "అయితే ముట్టుకోకు" అన్నాను. అమ్మ ఎలా ఉందని అడగడం మరిచి, చేతికి ఆయిలుంది అంటూ పెట్టేశాడు.

కార్యదర్శిగారు గంట కొడుతున్నారు. భోజనాలు సిద్ధమట. సెలవు.