పిల్లల రక్త విరేచనాలు – మూత్రపిండాలకు ముప్పు



పిల్లలకు విరేచనాలు కావడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కాని అందులో నెత్తురు పడితే అది మామూలు అజీర్ణం కాదని గ్రహించాలి. షిగెల్లాలో ఒక రకం, ఈ.కోలై ఓ157 అనే మరొక సూక్ష్మజీవి పేగులో చేరి విషాన్ని విడుస్తాయి. ఆ విషం సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఎర్రకణాలు చితికిపోతాయి, మూత్రపిండాల పని కుంటుపడుతుంది.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని ఖీమా బిళ్ళలు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, 4గురు పిల్లలు చనిపోయారు. మాంసపు ముక్కకు క్రిములు పైనే అంటుకొని ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికీ చేరతాయి. కనుక కబాబు పైన ఎర్రగా వేగితే చాలదు, నడిమధ్యకు 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగలాలి. కాచని పాలు, కడగని కూరగాయలు, శుభ్రం లేని చేతులు కూడా ఈ జబ్బుకు దారులే.

ఓ157 సోకిన పిల్లలు నూటికి 5 నుంచి 15 మందికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎవరికి ప్రమాదం ఎక్కువ? అయిదేళ్ళలోపు పసివారికి, నెత్తురు పడేవారికి, రక్తంలో తెల్లకణాలు బాగా పెరిగినవారికి, ఒంట్లో నీరు తగ్గిపోయినవారికి. విరేచనాలు కట్టే బిళ్ళలు వేస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. యాంటీబయాటిక్ మందు షిగెల్లాకు అవసరమే, ఓ157కు హాని చేయవచ్చు. కాబట్టి దుకాణంలో అడిగి మందు తేవద్దు. మొదటి రోజునుంచే ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ డాక్టరుకు చూపించండి.

అమ్మలారా, నానీ దాదీలారా, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాము. విరేచనాలు తగ్గాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. అసలు ముప్పు తరచు అప్పుడే, అంటే మొదలైన 5 నుంచి 10 రోజులలో వస్తుంది. బిడ్డ పాలిపోయినా, మగతగా పడి ఉన్నా, ముఖం ఉబ్బినా, ఒంటికి పోవడం తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి, ముందు విరేచనాలు అయిన సంగతి తప్పక చెప్పండి. కొందరికి డయాలిసిస్ కావలసి వస్తుంది. వేళకు వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు.

ఈ సంగతులు ఈ సభకు రాని ఇరుగుపొరుగు తల్లులకు కూడా చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.